కనుమ రాత్రి కరెంటు పోలేదు

ఆ పాటలు ఇక లేవు. చివరిదాకా ఆశపడి చదివి మీరు నొచ్చుకోకూడదని ముందే చెప్పేస్తున్నాను. కోనసీమలో కాలవగట్ల వెంట సైకిలు మీద తిరిగి, అరుగుల మీద, పెరళ్లలో, పాకల నీడన ముసలమ్మల ఎదురుగా కూర్చుని ఒక తెలుగు మాస్టారు ఏళ్ల తరబడి పోగుచేసిన పాటలవి. దంపుళ్ల పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు, వినేవాళ్లు ఉంటే పొద్దువాలేదాకా సాగే ఊర్మిళాదేవి నిద్ర. అన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. దొంగలు రాలేదు. గోదావరి పొంగలేదు. ఇల్లు కాలలేదు. తాతయ్య అంటే ప్రాణం పెట్టే మనవడు ఆయనకు మేలు చేయబోయాడు.

మాస్టారికి నేదునూరి గంగాధరం గారన్నా, బిరుదురాజు రామరాజు గారన్నా దేవుళ్లతో సమానం. జనం నోట ఉన్న పాటను కాగితం మీదికి తెచ్చి నిలబెట్టిన మహానుభావులని చెబుతూ చేతులు జోడించేవారు. ఆ పుస్తకాలు తిరగేసినప్పుడల్లా ఆయనకొక బెంగ కూడా కలిగేది. పుస్తకంలో మాట ఉంటుంది, వరస ఉండదు. ఊర్మిళ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, ఎదురుగా ఉన్నది భర్తేనని గుర్తుపట్టలేక, నువ్వెవరివయ్యా అని నిలదీసే చోట పాడే మనిషి గొంతు ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ కోపం తెచ్చుకుంటుందో ఏ అచ్చులోనూ దిగదు. అందుకే రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి అరచేతిలో పట్టే వాయిస్ రికార్డరు ఒకటి, 2012లో ఒక కంప్యూటరు కొన్నారు.

ఆ కంప్యూటరులో విండోస్ 7 ఉండేది. 500 జీబీల హార్డ్ డిస్కు ఒక్కటే. షాపువాళ్లు దాన్ని సీ అని, డీ అని రెండు భాగాలు చేసి ఇచ్చారు. సీ మెషీనుది, డీ మీది అని వాళ్లు చెప్పిన మాటను మాస్టారు మంత్రంలా గుర్తుపెట్టుకున్నారు. డీలో ఊరికొక ఫోల్డరు. ఊరి ఫోల్డరులో మనిషికొక ఫోల్డరు. ఒక్కో పాటనూ ఆగి ఆగి విని, అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో టైపు చేసుకునేవారు. ఎవరి దగ్గర విన్నదీ, వాళ్లకు ఎవరు నేర్పిందీ, ఏ పని చేసుకుంటూ పాడేదీ పాట కింద రాసేవారు. టైపు చేయాల్సినవే ఎక్కువ మిగిలాయి. రికార్డరులో చోటు చాలక, పాత పాటలను కంప్యూటరులోకి ఎక్కించగానే అందులోంచి తీసేసేవారు. ఆ గొంతులకు భూమ్మీద మిగిలిన చోటు ఆ డీ డ్రైవ్ ఒక్కటే.

వాటిలో ఒక గొంతు నేను విన్నాను. తొంభై దాటిన ఆవిడ. పాట మధ్యలో దగ్గు వస్తే ఆగి, ఎవరినో మంచినీళ్లు తెమ్మని కేకేసి, ఆపిన మాట దగ్గరే, ఆపిన శ్రుతిలోనే మళ్లీ అందుకుంది. వెనకాల కోడి కూసింది, గిలకబావిలో చేద పడిన చప్పుడు వినిపించింది. ఒక చోట ఆవిడ చరణం మర్చిపోయిందేమోనని మాస్టారు మెల్లగా అందించబోతే, "ఉండు బాబూ, అక్కడికే వస్తన్నా" అని సర్దింది. ఆ మాట కూడా రికార్డయింది. ఆవిడ 2018లో పోయింది. పోయాక ఆవిడ కూతురు వచ్చి ఆ పాట వింటూ మాస్టారింట్లో చాలాసేపు కూర్చుందట. కాపీ ఇస్తానని మాస్టారు అంటే, మా ఇంట్లో వినడానికి ఏముందండీ, మీ దగ్గరే ఉండనివ్వండి అందట. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఆ ఒక్క మాట. ఆ రోజు ఆవిడ ఒక చిన్న మెమరీ కార్డు పట్టుకెళ్లి ఉంటే, కనీసం ఒక్క గొంతు బతికేది.

ఇంకో అవకాశం కూడా అప్పటికే చేజారింది. డీవీడీ రైటరు పాడైతే, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొనుక్కోండని షాపబ్బాయి చెప్పాడు. పండగ వెళ్లాక చూద్దాం అన్నారు మాస్టారు. ఆ పండగే 2020 సంక్రాంతి.

ఆ ఏడు భోగి జనవరి 14న వచ్చింది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేస్తానని ఎప్పుడో ప్రకటించిన రోజు కూడా సరిగ్గా అదే. మర్నాడు సంక్రాంతి పూట కంప్యూటరు పెడితే తెర నిండా నీలం రంగు పరుచుకుని, ఈ మెషీనుకు ఇక రక్షణ లేదని హెచ్చరిక వచ్చింది. అది చూసి మాస్టారు కంగారుపడ్డారు. పాలిటెక్నిక్ చదువుతూ సెలవులకు వచ్చిన మనవడు, "నేనున్నాను కదా తాతయ్యా, విండోస్ టెన్ వేసేద్దాం" అన్నాడు. అనడంలో తప్పేముంది? తాతయ్య పాటలు వైరస్ పాలు కాకూడదనే కదా వాడి తాపత్రయం. ఊళ్లో అంత నెట్ లేదు గనక టౌనులో స్నేహితుడి దగ్గరికి వెళ్లి, విండోస్ 10ను పెన్‌డ్రైవ్‌లోకి దించుకొచ్చాడు. పెన్‌డ్రైవ్ కొత్తది, తిరునాళ్లలో చవగ్గా దొరికింది. మీద 32 జీబీ అని అచ్చుపడి ఉంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు వాడు ఇంటిపట్టునే ఉన్నాడు. ఏదో పని తగిలి ఏ ఊరికో వెళ్లినా ఎంత బాగుండేది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టాడు. "ఒరేయ్, డీలోవి కదలవు కదా?" అని అడిగారు మాస్టారు. "డీ జోలికెళ్లను తాతయ్యా. సీ ఒక్కటే తీసేసి కొత్తది వేస్తాను." వాడు అబద్ధమాడలేదు. సీ మీద మాత్రమే కొత్త విండోస్ వేసి డీని ముట్టకుండా వదిలేయడం రోజూ జరిగే పనే. అసలు అంతదూరం కూడా పోనక్కర్లేదు. నడుస్తున్న విండోస్ 7లోనే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ మీద రెండుసార్లు నొక్కి ఉంటే, పాత ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంచుకుని కొత్తది వేసుకునే దారి ఉంది. మధ్యలో ఏ తేడా వచ్చినా అది వెనక్కి తిరిగి విండోస్ 7నే నిలబెట్టేది. అప్‌గ్రేడ్ కంటే ఫ్రెష్‌గా వేస్తేనే మెషీను వేగంగా ఉంటుందని వాడు విని ఉన్నాడు. వేగం కోసం మెషీను ఆపి, బూట్ మెనూ తెరిచాడు.

ఆ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు వరసల్లో కనిపించింది. ఒక వరస ముందు యూఈఎఫ్ఐ అని ఉంది, రెండో దాని ముందు లేదు. ఆ వయసు మదర్‌బోర్డులు చాలావాటికి పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ తెలుసు. మాస్టారి డిస్కు పాత పద్ధతిలో, ఎంబీఆర్ పట్టికతో విభజించినది. రెండో వరస ఎంచుకుని ఉంటే ఇన్‌స్టాలేషన్ ఆ డిస్కును ఉన్నదున్నట్టు ఒప్పుకుని, సీలో కూర్చుని, డీ వంక కూడా చూసేది కాదు. వాడు మొదటిది ఎంచుకున్నాడు. కొత్తదే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది.

డిస్కును ఎంచుకునే చోట ఇన్‌స్టాలేషన్ అడ్డం తిరిగింది. ఈ డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఈఎఫ్ఐ సిస్టములలో జీపీటీ డిస్కు మీద మాత్రమే విండోస్ వేయగలం అని చెప్పింది. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ పూర్తి సాయం కూడా లేదు. వెనక్కి వెళ్లి బూట్ మెనూలో రెండో వరస ఎంచుకో అని అది చెప్పదు. ఇలాంటి చోట ఏం చేయాలని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే జవాబు ఒక్కటే. షిఫ్ట్, ఎఫ్10 నొక్కు, డిస్క్‌పార్ట్ అని కొట్టు, డిస్కును ఎంచుకో, క్లీన్ చెయ్యి, జీపీటీకి మార్చు. స్నేహితుడు ఫోనులో అదే చెప్పాడు.

నల్లటి తెర మీద రెండు డిస్కులు కనిపించాయి. 0, 465 జీబీ. 1, పెన్‌డ్రైవ్. సున్నా అంటే సీ అనుకున్నాడు ఆ పిల్లాడు. సున్నాలో సీ, డీ రెండూ ఉన్నాయి. 500 జీబీల డిస్కును విండోస్ 465గా చూపిస్తుంది, సీ ఒక్కటే అంత పెద్దదిగా ఉండదు. ఆ అంకె దగ్గర వాడి చూపు ఒక్క క్షణం ఆగి ఉంటే! క్లీన్ అని కొట్టాడు. నిశ్చయమేనా అని డిస్క్‌పార్ట్ అడగదు. పని పూర్తయిందని ఒక వరసలో చెప్పి ఊరుకుంటుంది. నల్లతెర మూసి చూస్తే సీ లేదు, డీ లేదు. ఏ పేరూ లేని ఖాళీ చోటు, 465 జీబీలు.

వాడికి అప్పుడు తెలిసింది. పక్కగదిలో తాతయ్య రేడియో వింటున్నారు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ కథలో అందరూ ఇక్కడే అంతా అయిపోయిందనుకుంటారు. వాడూ అలాగే అనుకున్నాడు. కానీ అప్పటికి ఒక్క పాట కూడా పోలేదు. క్లీన్ అనే ఆజ్ఞ చెరిపేది విభజన పట్టికను, దాని చుట్టూ ఉన్న కాస్త మేరను. కరణం అడంగల్ చింపేసినంత మాత్రాన పొలాలు ఎక్కడికీ పోవు. ఏ గట్టు ఎవరిదో చెప్పే కాగితం పోతుంది, నేల అలాగే ఉంటుంది, పైరు అలాగే ఉంటుంది. ఆవిడ దగ్గు, గిలకబావి చప్పుడు, "ఉండు బాబూ" అన్న మాట, అన్నీ ఆ డిస్కు పళ్లెం మీద ఉన్నచోటే ఉన్నాయి. స్విచ్చి కట్టేసి, డిస్కు విప్పి, మర్నాడు టౌనుకు పట్టుకెళ్లి ఉంటే సరిపోయేది. పోయిన విభజనలను వెతికి తిరిగి నిలబెట్టే టెస్ట్‌డిస్క్ ఉచితంగా దొరుకుతుంది. పట్టికతో పనే లేకుండా ఫైళ్లను వాటి ఆనవాళ్లను బట్టి ఏరుకొచ్చే ఫోటోరెక్ కూడా దానితోపాటే వస్తుంది. ఒక పూట పని.

వాడికి ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. అడిగే ధైర్యమూ లేదు. ముందు విండోస్ ఎక్కిస్తే తర్వాత ఏదో ఒక సాఫ్ట్‌వేరుతో తీద్దామనుకుని ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టాడు. ఫైళ్లు సిద్ధం చేస్తున్నాను అంటూ శాతాలు ఎక్కాయి. సగం దాటకుండానే ఆగింది. కావలసిన ఫైళ్లను వేయలేకపోతున్నాను, ఫైలు చెడిపోయి ఉండవచ్చు లేదా లేకపోవచ్చు అని, చివర 80070570 అనే సంఖ్య. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ దాదాపు అదే శాతం దగ్గర ఆగింది. పెన్‌డ్రైవ్‌ను ముందు పోర్టు నుంచి వెనక పోర్టుకు మార్చాడు. అక్కడే ఆగింది.

ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే, అది తెచ్చే చేతిలో ఏదో లేదన్నమాట. ఆ సంఖ్య వెనక కారణాలు చాలా ఉండొచ్చు. దింపుకున్న కాపీ చెడి ఉండొచ్చు, ర్యామ్‌లో లోపం ఉండొచ్చు, హార్డ్ డిస్కు పాడై ఉండొచ్చు, పెన్‌డ్రైవే పాడై ఉండొచ్చు. వీటిలో మార్చి చూడ్డానికి అన్నిటికంటే తేలికైనది, మార్చినా ఎవరికీ ఏ నష్టమూ రానిది పెన్‌డ్రైవ్. అందుకే అనుమానించడం దానితో మొదలుపెట్టాలి. ఆ రాత్రి అనుమానం డిస్కు మీద పడింది. పాత డిస్కు కదా, బ్యాడ్ సెక్టార్లు వచ్చి ఉంటాయి, క్లీన్ ఆల్ కొట్టు, మొత్తం కడిగేస్తుంది అన్నాడు ఫోనులో స్నేహితుడు. మనవడు ఒక్కసారి తటపటాయించాడట. తర్వాత నాతో చెప్పాడు: "ఎలాగూ అన్నీ పోయాయి కదండీ, ఇంక పోయేదేముంది అనుకున్నా."

పోయేదంతా అప్పటికి ఉంది. ఆ ఒక్క మాట తప్ప ఆ పాటలకు ఇంకే శత్రువూ లేదు.

క్లీన్, క్లీన్ ఆల్. చూడ్డానికి రెండోదానిలో ఒక్క మాట ఎక్కువ. మొదటిది కాగితం చింపుతుంది. రెండోది డిస్కు మొదలు నుంచి చివరిదాకా ఒక్క సెక్టారు కూడా వదలకుండా సున్నాలు రాస్తుంది. 500 జీబీల డిస్కులో 512 బైట్ల సెక్టార్లు 97,67,73,168 ఉంటాయి. వాటన్నిటినీ రాసుకుంటూ పోవడానికి గంటలు పడుతుంది. ఎంత అయిందో, ఎంత మిగిలిందో అది చెప్పదు. నల్లతెర మీద కర్సరు ఒక్కటే కొట్టుకుంటూ ఉంటుంది. అది మొదట సీ ఉన్న మేరను తుడుస్తుంది, ఆ తర్వాత డీలోకి అడుగుపెడుతుంది. ఊరి తర్వాత ఊరు, మనిషి తర్వాత మనిషి. మధ్యలో ఏ క్షణాన ఆపినా అక్కడి నుంచి ముందున్నవన్నీ దక్కుతాయి. ఆ ఊళ్లో రాత్రి పదింటికి కరెంటు పోవడం మామూలే. మాస్టారి యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాది దాటింది. పండగని కాబోలు, ఆ రాత్రి కరెంటు పోలేదు.

పిల్లాడు కుర్చీలోనే నిద్రపోయాడు. మాస్టారు లేచి వచ్చి వాడి భుజాల మీద దుప్పటి కప్పి, తెర మీద కొట్టుకుంటున్న గీత చూసి, ఏదో పని జరుగుతోంది కదా అని చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

ముక్కనుమ నాడు పొద్దున్న మళ్లీ ఇన్‌స్టాలేషన్ పెడితే, మళ్లీ అదే శాతం దగ్గర, అదే సంఖ్యతో ఆగింది. అప్పుడు వాడు ఏడ్చాడు. మాస్టారు కారణం అడిగారు, విన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ చేతులు వణుకుతున్నాయిరా నాన్నా, ముందు కాస్త కాఫీ తాగు" అన్నారు. ఆ పిల్లాణ్ణి ఆయన ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు.

ఆ కంప్యూటరు, ఆ పెన్‌డ్రైవ్ రెండూ తర్వాత నా దగ్గరికి వచ్చాయి. చివరి ఇన్‌స్టాలేషన్ రాసిన కాస్త మేర తప్ప, డిస్కులో ఎక్కడ తెరిచి చూసినా సున్నాలే. దాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్ లెక్కలు చూశాను. చెడిపోయిన సెక్టారు ఒక్కటి కూడా లేదు. ర్యామ్‌లోనూ ఏ లోపమూ లేదు. పెన్‌డ్రైవ్‌ను హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నింపి, తిరిగి చదివించి చూశాను. జర్మనీలో ఒక కంప్యూటరు పత్రికవాళ్లు ఇలాంటి పరీక్షకే చేసి ఉచితంగా పెట్టిన పనిముట్టు అది. మీద 32 జీబీ అని అచ్చుపడిన ఆ పెన్‌డ్రైవ్‌లో నిజంగా ఉన్నది నాలుగు జీబీలే. అంతకు మించి రాసినదాన్ని రాశానని చెబుతుంది, దాచదు. విండోస్ 10 కాపీ నాలుగు జీబీలకు పైన ఉంటుంది. మెషీనును లేపడానికి కావలసిన మొదటి భాగం నిక్షేపంగా ఉంది గనక ఇన్‌స్టాలేషన్ తెర వచ్చింది, భాష అడిగింది, డిస్కు అడిగింది. మిగతా భాగం దానిలో లేనేలేదు. ఎన్నిసార్లు పెట్టినా అది అక్కడే ఆగుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నవాటిలో దోషం ఉన్నది దానికొక్కదానికే. శిక్ష మాత్రం డిస్కుకు పడింది.

ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మరుసటి ఏడు వేసవిలో కరోనా రెండో విడత ఊళ్ల మీద పడింది. మాస్టారికి పాడి వినిపించినవాళ్లలో అప్పటికి మిగిలినవారు కొందరే. వారిలోనూ కొందరు వెళ్లిపోయారు. పేజ్‌మేకర్‌లోంచి ఎప్పుడో తీసుకున్న ప్రూఫు కాగితాలు కొన్ని ఆయన బీరువాలో ఉన్నాయి. వాటిలో మాటలున్నాయి. ఊర్మిళ నిలదీసే చోట పాడినావిడ గొంతు ఎలా ఉండేదో మాస్టారు పాడి చూపించబోతారు, రెండు చరణాల తర్వాత ఆపేస్తారు. అలా కాదు, ఇంకోలా ఉండేది అంటారు.

మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో ఇలాంటి పాత కంప్యూటరు ఉంటే దానికి కొత్తది వేయబోయే ముందు డిస్కు విప్పి పక్కన పెట్టండి. ఖాళీ డిస్కు మీదే ప్రయత్నించండి. ఇన్‌స్టాలేషన్ ఆగిపోతే ముందు పెన్‌డ్రైవ్ మార్చండి. పొరపాటున ఏదైనా చెరిపేశారని తెలిసిన క్షణంలో స్విచ్చి కట్టేయండి, ఇంకొక్క అక్షరం కూడా కొట్టకండి. అన్నీ పోయాయని ఎవరన్నా నమ్మకండి, అప్పటికి ఏమీ పోయి ఉండకపోవచ్చు. ఊర్మిళాదేవి నిద్రను వరసతో సహా పాడగలిగే అమ్మమ్మ మీ ఊళ్లో ఇంకా ఉంటే ఈ ఆదివారమే వెళ్లి ఆమె ఎదురుగా కూర్చోండి. రికార్డు చేసినదాన్ని రెండు చోట్ల దాచండి, మూడో కాపీ ఆమె కూతురి చేతిలో పెట్టి రండి.